పులికి కోపం రావాలి

హైదరాబాద్‌లో తయారైన ‘అసుర’ అనే వీడియో గేము 2017లో వచ్చింది. చేసింది ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న ఇండీ టీము. పైనుంచి కిందికి చూస్తున్నట్టుండే తెర, చేత్తో గీసిన బొమ్మలు, పగతో రగిలే ఒక అసురుడు, అతని మీదికి గుంపులుగా వచ్చిపడే శత్రువులు. చచ్చిపోతే ఆట మళ్ళీ మొదటికొస్తుంది. ఈ తరహా ఆటల్ని రోగ్‌లైక్‌లంటారు. ‘అసుర’లో ఒక విశేషం ఉంది. అసురుడు నేర్చుకోగల శక్తులన్నీ ఒక చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి. ఆ చెట్టుని ప్రతి ఆటకీ ప్రోగ్రామే కొత్తగా అల్లుతుంది. పోయినసారి నెగ్గించిన దారి ఈసారి అసలు ఉండకపోవచ్చు.

ఆడుతున్నంతసేపూ నాకు ఇది పునర్జన్మలాగే అనిపించింది. సంపాదించిందంతా పోతుంది, మిగిలేది వేళ్ళకి పట్టిన అలవాటు ఒక్కటే. పెద్దవాళ్ళు దాన్నే వాసన అంటారు. అసురుణ్ణి హీరో చేయడం మాత్రం మనకేం కొత్త కాదు. 1977లోనే ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడికి చప్పట్లు కొట్టిన జాతి మనది. కానీ చావుకీ పుట్టుకకీ మధ్య ఆ చెట్టుని పెట్టడం కొత్త. సినిమా పాటలో ఒక మాట మీద పది పేజీలు రాసుకునే మనం, మన ఊళ్ళోనే పుట్టిన ఇలాంటి వస్తువు మీద ఒక్క పేజీ రాసుకోలేదా అని వెతికాను. నేను చదివే పత్రికల్లో నాకు ఒక్కటీ కనపడలేదు.

ఈ గేముని ఆఫీసులో ఇద్దరికి చూపించాను. బ్యాకెండ్ కుర్రాడు రెండు నిమిషాలు ఆడి, ‘ఈ చెట్టుని ర్యాండమ్‌గా జనరేట్ చేస్తూ కూడా బ్యాలెన్స్ ఎలా తప్పకుండా చూస్తున్నారు భయ్యా?’ అన్నాడు. యూఐ డిజైన్ చేసే ఆమెకి చెట్టు పట్టలేదు, బొమ్మల రంగులు పట్టాయి. కాసేపటికి ఇద్దరూ నన్ను మర్చిపోయి వాదనలో పడ్డారు. గేము చేయడానికి తెలివి ముఖ్యమని అతనూ, క్రియేటివిటీ ముఖ్యమని ఆమే. చివరికి ‘రెండూ కావాల్లే’ అనుకుని టీకి వెళ్ళిపోయారు.

రెండూ కావాలన్న జవాబుకి వెయ్యేళ్ళు దాటింది. రాజశేఖరుడి ‘కావ్యమీమాంస’లో అచ్చం ఇదే వాదన ఉంది. కవికి ప్రతిభ గొప్పదని ఆనందుడి పక్షం. కాదు, వ్యుత్పత్తి గొప్పదని మంగళుడి పక్షం. రెండూ కలిస్తేనే గొప్ప అని రాజశేఖరుడి తీర్పు. వ్యుత్పత్తి అంటే సరిగ్గా మనం ఇప్పుడనే తెలివి కాదు. చదువు, లోకజ్ఞానం, మెళకువ అన్నీ కలిసిన సరుకు అది. అయినా లంచ్ టేబుల్ దగ్గర గొడవకి అది చాలు. నాకు ఆ తీర్పు మీద పెద్ద ఆసక్తి లేదు. అదే పుస్తకంలో ఆయన చేసిన ఇంకో విభజన మీద ఉంది. ప్రతిభ రెండు రకాలంటాడు. కవి చేత రాయించేది కారయిత్రి, చదివేవాడి చేత ఆస్వాదింపజేసేది భావయిత్రి. మొదటిది కవి సొత్తు, రెండోది విమర్శకుడి సొత్తు. (విమర్శకుల్లోనూ ఆయన నాలుగు రకాలు లెక్కపెట్టాడు. ఏదీ రుచించనివాళ్ళు, గడ్డితో సహా అన్నీ మేసేవాళ్ళు, అసూయపరులు, నిజం కోసం చూసేవాళ్ళు. స్టీమ్‌లో ఏ గేము కిందైనా రివ్యూలు చదవండి, నలుగురూ హాజరు.)

గేముల లోకంలో ఈ తగువుకి ఒక రెడీమేడ్ పురాణం ఉంది. 1993లో ‘డూమ్’ చేసిన ఇద్దరు జాన్‌లు. కార్మాక్ తెలివికి బొమ్మ, రొమేరో సృజనకి బొమ్మ. 1996లో ‘క్వేక్’ అయ్యాక విడిపోయారు. రొమేరో తీసుకొచ్చిన ‘డైకటానా’ 2000లో ఘోరంగా దెబ్బతింది. కార్మాక్ వైపు ఇంజిన్లు అద్భుతం, ఆటలే కాస్త చప్పగా ఉన్నాయన్న మాట మిగిలింది. కథ ఇంత పొందిగ్గా ఉందంటేనే నాకు అనుమానం. ‘డూమ్’ లెవెల్స్ గీసుకునే ఎడిటర్ ప్రోగ్రామ్ రాసింది ‘సృజన’ పాత్ర వేసిన రొమేరోయే.

దానికన్నా 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’ కథ నాకు ఎక్కువ పనికొస్తుంది. జపాన్‌లో తైతో కంపెనీలో తొమోహిరో నిషికాడో చేశాడు, హార్డ్‌వేర్‌తో సహా. తెర మీద 5 వరసల్లో 55 మంది గ్రహాంతరవాసులు అటూ ఇటూ జరుగుతూ కిందికి దిగుతుంటారు, మనం కింద నుంచి కాల్చాలి. అప్పటి ప్రాసెసర్‌కి 55 బొమ్మల్ని జరపడమే భారం, అందుకని మెల్లగా జరిగేవి. కొన్నిటిని కాల్చేస్తే మిగిలినవి వేగం పుంజుకునేవి. చివరికి ఒక్కటే మిగిలితే అది పిచ్చెక్కినట్టు పరుగెత్తేది. ఇది ఎవరూ అనుకుని పెట్టింది కాదు, మెషిన్ చేతగానితనం. మా దగ్గరైతే దీని మీద ఒక బగ్ టికెట్ పడేది, వేగం అన్ని వేళలా ఒకేలా ఉండేట్టు ఎవరో సరిచేసి మధ్యాహ్నానికల్లా మూసేసేవాళ్ళు. సరిచేయడానికి తెలివి చాలు. నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. గెలుపు దగ్గరపడే కొద్దీ గుండె దడ పెరగడం అనే అనుభవం ఆ ఆటకి అలా వచ్చింది.

అక్కడ ఆయన చేసింది ఏమిటి? కొత్తగా కల్పించలేదు. లెక్క కట్టలేదు. తన ముందు జరుగుతున్నదాన్ని ఆడేవాడి ఒంట్లోంచి చూశాడు. రాజశేఖరుడి భాషలో అది భావయిత్రి. కవి వేరు, సహృదయుడు వేరు అని మనవాళ్ళు చాలావరకు విడగొట్టి మాట్లాడారు గానీ గేము విషయంలో ఆ విభజన నిలవదు. చేసేవాడు చేస్తున్నంతకాలమూ రోజుకి వందసార్లు ఆడేవాడిగా మారి, మళ్ళీ తిరిగి రావాలి. కవిత రాసినవాడు తన కవిత తనే చదువుకుని మురిసిపోయినా నష్టం లేదు, కవిత మారదు. గేము అలా కాదు. ఇంకొకడి చేతిలో పడి వాడు తప్పు బటన్ నొక్కేదాకా అది ఉన్నట్టే కాదు.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు, పులిజూదంలో నేర్చుకున్నాను. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. పాత గుళ్ళ మండపాల్లో రాతినేల మీద ఆ గీతలు చెక్కి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. ఆటగాళ్ళిద్దరికీ బలగం సమానంగా ఉండదు. లక్ష్యాలూ వేరు. పులి గెంతి మేకని తినాలి, మేకలన్నీ కలిసి పులి కదలకుండా కట్టేయాలి. చదరంగంలో అటూ ఇటూ ఒకే సైన్యం, ఇక్కడ ఒక్కో వైపుకి ఒక్కో స్వభావం. ఇంత పొదుపుగా స్వభావాన్ని నియమంలోకి దించిన ఆట నేను ఇంకోటి చూడలేదు. వైకుంఠపాళి దీనికి పూర్తిగా అవతలి కొస. అందులో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు, గవ్వలు ఎలా పడితే అలా. మా చదువులో దాన్ని మార్కోవ్ చెయిన్ అని రెండు మెట్రిక్స్‌లతో తేల్చేస్తాం. అయినా పరమపదానికి దగ్గర్లో కాచుక్కూచున్న ఆ పెద్ద పాము నోట్లో పడితే వచ్చే ఏడుపు ఏ మెట్రిక్స్‌లోనూ రాదు. ఆ పాముని సరిగ్గా అక్కడ పెట్టినవాడెవడో మనిషిని బాగా ఎరిగినవాడు.

పులిజూదాన్ని ఒక శనివారం ఫోన్‌లో ఆడుకునేలా రాశాను. పులుల వైపు కంప్యూటర్ ఆడుతుంది. రాబోయే ఎత్తులన్నీ ముందుకు లెక్కేసి మంచిది ఎంచుకునే పాత పద్ధతే, ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో అందరూ రాసేది. మధ్యాహ్నానికి అయిపోయింది. మా నాన్న మౌలాలి లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు, షెడ్‌లో టిఫిన్ డబ్బా మూత మీద సుద్దముక్కతో గీసి ఆడిన మనిషి. ఆయనకి ఇచ్చాను. రెండాటలు ఆడి ఫోన్ పక్కన పెట్టేశారు.

‘ఏం నాన్నా, ఓడిపోతున్నావా?’

‘ఓడితే ఏంరా, ఓడటం నాకు కొత్తా? ఇది తప్పు లేకుండా ఆడుతోంది, సరే. కానీ దీనికి పులి బుద్ధి లేదు. కళ్ళెదురుగా ఇన్ని మేకలుంటే ఆకలేయదా దీనికి? కోపం రాదా?’

పులికి ఆకలి పెట్టడం అయిదు లైన్ల పని. నాలుగెత్తుల పాటు మేక దొరక్కపోతే, పులి లెక్కలో ‘జాగ్రత్త’ విలువ కొంచెం తగ్గి ‘తినడం’ విలువ కొంచెం పెరుగుతుంది, అంతే. దాంతో పులి ఇదివరకటికన్నా మొద్దు అయింది. తొందరపడి గెంతి మేకల మధ్య ఇరుక్కుంటుంది. ఆ రాత్రి పదకొండు దాటినా నాన్న ఫోన్ వదల్లేదు. ఒక మేకని ఎరగా వదిలి, పులి దాని మీదికి వస్తుంటే ‘వచ్చింది చూడు, వచ్చింది చూడు’ అంటున్నారు లోపల్నుంచి. తెలివి తగ్గిస్తే ఆట బాగుపడింది. సృజన అనడానికి అందులో నేను కల్పించిందీ లేదు. ఆ అయిదు లైన్లకి కర్త నాన్నే, ఆయనకి కోడింగ్ రాదు.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా ఉన్న రూపం కావ్యం కాదనుకుంటాను. అవధానం. అవధానం మీద పాత ఫిర్యాదు మీకు తెలిసిందే: అది ధారణ, చమత్కారం, అంటే తెలివి, కవిత్వం కాదు. తిరుపతి వేంకట కవుల కాలం నుంచీ అవధానం ఎంత వ్యాపించిందో ఈ ఫిర్యాదూ అంతే వ్యాపించింది. అందులో న్యాయం ఉందో లేదో పక్కన పెడదాం. నేను చూసేది అవధానిని కాదు, ఎదురుగా కూచున్న పృచ్ఛకుణ్ణి. నిషిద్ధాక్షరినే తీసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్తాడు, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెప్తాడు. అవధాని ఏ మాట వైపు వెళ్తున్నాడో పృచ్ఛకుడు పసిగట్టాలి, ఆ తలుపు మూయాలి. అన్ని తలుపులూ మూస్తే సభ ఆగిపోతుంది, ఏదీ మూయకపోతే చూసేవాళ్ళకి ఆవలింతలు. ఇంకో తలుపు ఉందని తనకి తెలిసి, అవధానికి ఇంకా తెలియని ఆ క్షణంలోనే ఆట ఉంది. గేము చేసేవాడి కుర్చీ సరిగ్గా అదే. కవి కుర్చీలో కూచునేది ఆడేవాడు. పద్యం వాడిదే.

అవధానుల పేర్లు మనకి బోలెడు తెలుసు. మంచి పృచ్ఛకుల పేర్లు నాలుగు చెప్పమంటే తడుముకుంటాం. ఇది ఊరికే అనడం లేదు. మన చదువంతా జవాబు చెప్పేవాణ్ణి తయారుచేసే చదువు. ఎంసెట్‌కి కూచున్నవాళ్ళకి తెలుసు, ప్రశ్న ఎప్పుడూ ఎవరో ముందే ఇచ్చేస్తారు, జవాబు కూడా ఆ నాలుగింటిలో ఎక్కడో ఉండే తీరుతుంది. తర్వాత ఉద్యోగంలోనూ అంతే. క్లయింట్ రాసిన అవసరం, దాని కింద మన టికెట్. పదేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే, బాగానే చేస్తున్నాను. కానీ పులికి కోపం రావాలి అని ఏ టికెట్‌లోనూ ఎవరూ రాయరు. పైగా పులిజూదానికి నేను ఒక పూట కూచుని రాసిన కోడ్‌ని ఇప్పుడు ఏఐ టూల్ రెండు నిమిషాల్లో రాసి పెడుతుంది. నేను జీతం తీసుకుంటున్నది ఆ పూటకా, ఆ అయిదు లైన్లకా? ఈ ప్రశ్న మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఫ్లాట్లలో రాత్రిపూట తిరుగుతోంది.

మౌలాలి నుంచి కుషాయిగూడ వైపు వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. బస్సెక్కి ‘ఈసీఐఎల్’ అని టికెట్ తీసుకునేవాళ్ళలో ఎంతమందికి గుర్తుందో గానీ, 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసిన సంస్థ అది. ఆ తర్వాత టీడీసీ-316 కూడా వచ్చింది. ఓట్ల మెషిన్లు తర్వాతి మాట. అంటే మా పేటలో మేధకి కొదవ ఏనాడూ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ రాసింది ఎలక్ట్రోనికా-60 అనే మెషిన్ మీద. దానికి బొమ్మలు గీసే శక్తే లేదు, ముక్కల్ని బ్రాకెట్ గుర్తులతో చూపించాడు. ఆయనేమీ ఆటల కంపెనీలో లేడు. సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్‌లో మాటల్ని గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద పనిచేసేవాడు. అయిదు గళ్ళ చెక్కముక్కల పజిల్ అంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఆ ముక్కలు 12 రకాలు, మరీ ఎక్కువైపోయాయని నాలుగు గళ్ళకి తగ్గిస్తే 7 వచ్చాయి. తీరా ఆడి చూస్తే కొద్ది క్షణాల్లోనే డబ్బా నిండిపోయి ఆట అయిపోతోంది. సరే, నిండిన వరసని చెరిపేస్తే? టెట్రిస్ ప్రాణమంతా ఆ చెరిపేయడంలో ఉంది. అది తెలివా, సృజనా అని ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు తేలదు. ఆడుతున్నవాడికి వచ్చిన చిరాకుని తీర్చడం, అంతవరకు కనిపిస్తోంది. ఇంకొకటి కూడా కనిపిస్తోంది: ఆఫీసు మెషిన్ మీద పనికిమాలిన పని చేసుకోగల తీరిక. మా పేట ఇంజినీర్లకి మెషిన్ దొరికింది గానీ ఆ తీరిక ఎవరిచ్చారు?

మొన్నటి ‘త్రీస్’, ‘2048’ గొడవ చూసినా ఇదే. 2014 ఫిబ్రవరిలో వచ్చిన ‘త్రీస్’ చేయడానికి ఇద్దరు మనుషులకి 14 నెలలు పట్టింది. ఒకటీ రెండూ కలిస్తే మూడు, ఆ పైన ఒకేలాంటి అంకెలు కలుస్తాయి. నెల దాటగానే ఆ పద్ధతిలోనే, నియమం సులువు చేసి ‘2048’ వచ్చింది. చేసిన 19 ఏళ్ళ కుర్రాడికి ఒక వారాంతం సరిపోయింది. లోకమంతా ఆడింది దాన్నే. నేనూ మెట్రోలో ఉప్పల్ నుంచి అదే ఆడాను. కానీ పెద్ద అంకెని మూలకి నెట్టి పెట్టడం తెలిశాక ‘2048’లో మనసు పని మానేస్తుంది, వేలు ఒక్కటే కదులుతుంది. ‘త్రీస్’ నన్ను ఇప్పటికీ అలా నిద్రపోనివ్వదు. ఆ 14 నెలలు ఎక్కడికి పోయాయో అక్కడ తెలుస్తుంది. కావ్యమీమాంసలో పరుల మాటల్నీ భావాల్నీ ఎత్తుకోవడం మీద అధ్యాయాలకి అధ్యాయాలున్నాయి, రాజశేఖరుడికి యాప్ స్టోర్ ఇస్తే పండగ చేసుకునేవాడు.

సాహిత్యం చదివేవాళ్ళకి నేను పనిగట్టుకుని చెప్పే గేము ‘డిస్కో ఎలీజియం’. 2019లో వచ్చింది. దాని వెనక ఉన్న రాబర్ట్ కుర్విట్స్ ఎస్టోనియా నవలాకారుడు. ఆ దేశ జనాభా పదమూడు పద్నాలుగు లక్షలు, మన హైదరాబాద్‌లో ఒక మూల. 2013లో వేసిన నవల అమ్ముడుపోలేదు. ఆ నవలలోని లోకాన్నే గేముగా చేశారు. అందులో డిటెక్టివ్ బుర్రలోని 24 గుణాలు 24 గొంతులై అతనితో మాట్లాడుతుంటాయి. తర్కం, విజ్ఞానసర్వస్వం, సానుభూతి, ఇలా. తమాషా ఏమిటంటే సృజనకి సంబంధించిన గొంతుని వాళ్ళు మేధ విభాగంలోనే పెట్టారు, తర్కం పక్కనే. తర్కం బాగా పెరిగితే పొగడ్తకి లొంగిపోతుంది. విజ్ఞానసర్వస్వం అవసరం లేనప్పుడు అవసరం లేని సంగతులు చెప్తుంది. నాకు తెలిసిన కొందరు విమర్శకులు గుర్తొచ్చారు. అయిదొందల కాపీలు వేసి నాలుగొందలు అటక మీద పెట్టుకునే మన కథకులకి ఈ దారి ఒకటుందని ఎవరైనా చెప్పాలి.

దారి పట్టినా మనవాళ్ళు తిన్నగా పురాణాల్లోకే వెళ్తారన్న బెంగ నాకుంది. పుణెలో చేసిన ‘రాజీ’ 2020లో వచ్చింది. దుర్గా విష్ణువూ కథ చెప్తుంటే తమ్ముడి కోసం వెతుక్కుంటూ వెళ్ళే ఆ అమ్మాయి ప్రయాణం చూడముచ్చటగా ఉంటుంది. ‘అసుర’ సరేసరి. తప్పేం లేదు. కానీ భారతీయ గేము అనగానే చెయ్యి పురాణం మీదికే పోవడం సృజన కాదు, అలవాటు. మా బాల్కనీలోంచి మౌలాలి గుట్ట కనిపిస్తుంది. 1578లో యాకూత్ అనే కుతుబ్‌షాహీ సేవకుడికి వచ్చిన కల, గుట్ట మీద రాతిలో దొరికిన చేతి ముద్ర, దాని మీద లేచిన దర్గా. అదే గుట్ట పాదంలో మహ్‌లఖా బాయి సమాధి. 1768లో పుట్టి 1824లో పోయిన ఆమె ఉర్దూ కవయిత్రి, నర్తకి, విలువిద్య తెలిసిన మనిషి, నిజాం వెంట యుద్ధాలకి వెళ్ళిందని చెప్తారు. తల్లి కోసం కట్టించిన చోటే తనూ పడుకుంది.

ఆ అయిదు లైన్ల తర్వాత నుంచీ ఆమె మీద గేము ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. దర్బారు, దండయాత్ర డేరా, గుట్ట మెట్లు, అన్నీ కళ్ళకి కట్టేస్తాయి. బొమ్మలు ఎవరైనా గీస్తారు, కోడ్ ఎవరైనా, లేదా ఏదైనా, రాస్తుంది. బాణం వేయడానికి ఒక బటన్ పెట్టొచ్చు. గజల్ చెప్పడానికి ఆడేవాడి బొటనవేలి కింద ఏం పెట్టాలన్న దగ్గర మూడు వారాలుగా ఆగి ఉన్నాను. కాఫియా రాకుండా అడ్డుపడే ఒక పృచ్ఛకుణ్ణి దర్బారులో కూచోబెడితే ఎలా ఉంటుందని నిన్న రాత్రి నాన్ననడిగాను. ‘వాడికి ఆమంటే అసూయ ఉండాలి’ అన్నారు.